ఎడమ చివర నిలబడ్డవాడు

పోయిన నెల చాంద్రాయణగుట్టలో, ఫ్లైఓవరుకు కాస్త ఇవతల ఉన్న ఒక ఫంక్షన్ హాలులో, మా పదో తరగతి వాళ్లమందరం కలుసుకున్నాం. అందరం అంటే మిగిలినవాళ్లం అని అర్థం. మా ఈడు వారికి ఆ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆటో దిగి తలెత్తేసరికి గేటు మీద పెద్ద ఫ్లెక్సీ, దాని నిండా మా బడి వార్షిక సంచికలో ఒకప్పుడు అచ్చయిన పత్రికా సంఘం ఫొటో, దాని కింద బొద్దు అక్షరాల్లో పేర్లు. చూడగానే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎడమ చివర బిక్కమొహం వేసుకుని నిలబడ్డ నా బొమ్మ కింద మా క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే కుర్రవాడి పేరు ఉంది, కుడి చివర దర్జాగా నిలబడ్డ ఆ ఫస్టు కుర్రవాడి కింద నా పేరు ఉంది, నట్టనడుమ ఒక్కడిది తప్ప మిగతా అందరివీ అలాగే అటువి ఇటు అయి ఉన్నాయి.

ఆ తప్పు కొత్తది కాదు. ఫ్లెక్సీ వేయించే వాళ్లు పాత సంచిక ఎవరి దగ్గరైనా ఉందా అని వాట్సాప్ గ్రూపులో అడిగితే, మా అమ్మాయి ఉత్సాహంగా మా నాన్న బీరువాలోంచి ఒక కాపీ తీసి, ఫొటో కొట్టి పంపింది. ఆ సంచిక కాపీలన్నిటిలోనూ ఆ తప్పును ఎప్పుడో దిద్దేశారు. దిద్దకుండా మిగిలిపోయిన ఒకే ఒక్క కాపీ మా ఇంట్లోది. అరవై దాటిన మనిషికి పదిహేనేళ్ల వయసులో పడ్డ సిగ్గు అంత తాజాగా తిరిగొస్తుందని నాకు ఆ గేటు దగ్గర నిలబడేదాకా తెలియదు.

మా నాన్నది కృష్ణా జిల్లా. గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా బదిలీ మీద హైదరాబాదు వచ్చి, మొఘల్‌పురాలో ఒక పెద్ద ఇంట్లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నారు. ఆ చుట్టుపక్కలే ఉన్న బడిలో నన్ను చేర్పించారు. ఆ బడిలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం రెండూ ఒకే కప్పు కింద నడిచేవి. మెట్లకు ఇటు మేము, అటు వాళ్లు, గంట మాత్రం అందరికీ ఒకటే. ఇంటర్వెల్లులో కలిసి ఆడుకునేవాళ్లం, కలిసి తిట్లు తినేవాళ్లం, ఒకరి భాష ఒకరం ధారాళంగా మాట్లాడేవాళ్లం కూడా. చదవడం, రాయడం మాత్రం ఎవరిది వారిదే. వాళ్ల నోటుపుస్తకం చేతికొస్తే నాకు ఎటు నుంచి తెరవాలో మాత్రమే తెలిసేది.

ఆ రోజుల్లో బడిలో సంఘాలకు లోటు లేదు. స్కౌట్లు, ఎన్.సి.సి., సైన్సు క్లబ్బు, సాహితీ సంఘం, డ్రామా వాళ్లు, అన్నీ ఉండేవి. నేను ఎందులోనూ లేను. స్కౌట్లలో చేరాను గానీ అది విజిల్ కోసం. విజిల్ ఇవ్వరని, పైగా మేజోళ్లు రోజూ ఉతుక్కోవాలని తెలిసి వారం తిరక్కుండా మానేశాను. సైన్సు క్లబ్బులో కప్పను చూసి కళ్లు తిరిగాయి. సాహితీ సంఘంలో పద్యం అప్పగించబోయి మధ్యలో మరిచిపోతే మా తెలుగు మాస్టారు నన్ను కూర్చోమని కూడా అనలేదు, పక్కవాణ్ణి లేవమన్నారు. ఇక మిగిలింది మాలాంటి పనీపాటా లేని వాళ్ల బృందం. మేము దబీర్‌పురా స్టేషను బెంచీ మీద కూర్చుని, వచ్చే రైళ్లను పోయే రైళ్లను చూస్తూ, ఒక్క బిస్కెట్టును నలుగురం కొరుక్కుని, లోకంలో ఇంతకన్నా చెయ్యదగ్గ పని లేదన్నట్టు పొద్దుపుచ్చేవాళ్లం.

అన్ని సంఘాల్లోకీ పత్రికా సంఘం అంటే పెద్ద గౌరవం. ఎందుకంటే మా వార్షిక సంచికకు రెండు ముఖాలుండేవి. ఎడమ వైపు నుంచి తెరిస్తే తెలుగు అట్ట, తెలుగు విషయసూచిక, తెలుగు కథలు. బోర్లించి కుడి వైపు నుంచి తెరిస్తే ఉర్దూ అట్ట, వాళ్ల కథలు, వాళ్ల గజళ్లు. చివరి పేజీ అనేది ఆ పుస్తకానికి లేనే లేదు. రెండూ నడుచుకుంటూ వచ్చి నడిమధ్యన కలిసేవి, అక్కడ నున్నటి కాగితం మీద ఫొటోలుండేవి. తెలుగు వైపు సంపాదకుడు మా ఫస్టు కుర్రవాడు. ఉర్దూ వైపు సంపాదకుడు దబీర్‌పురా నుంచి నడిచొచ్చే ఒక పొడుగాటి అబ్బాయి, ఎప్పుడు చూసినా వేళ్లకు సిరా ఉండేది. వాళ్లిద్దరూ ప్రెస్సుకని క్లాసు మధ్యలో లేచి వెళుతుంటే మాస్టార్లు కూడా దారిచ్చేవారు. మేము క్లాసు మధ్యలో వెళితే గోడ దూకి వెళ్లాలి.

ఫొటో తీసిన రోజు నేను హోంవర్కు తేనందుకు వరండాలో నిలబడి ఉన్నాను. ఎదురుగా ఆవరణలో పత్రికా సంఘం వాళ్లను వరుసగా నిలబెట్టి, ముందు కుర్చీల్లో ఇద్దరు మాస్టార్లను కూర్చోబెట్టి, స్టూడియో ఆయన నల్లగుడ్డలో తల దూర్చాడు. తల బయటికి తీసి పెదవి విరిచాడు. లైన్ బరాబర్ నై దిఖ్‌రీ, ఇస్ తరఫ్ ఔర్ ఏక్ ఛోక్రా హోనా అన్నాడు. వరుసలో ఒక పక్క ఒకడు తక్కువయ్యాడన్న మాట. అందరూ అటూ ఇటూ చూస్తే ఊరకే నిలబడి కనిపించినవాణ్ణి నేనే. ఎవరో దువ్వెన ఇచ్చారు, ఎవరో కాలరు సర్దారు, నేను పోయి ఎడమ చివర నిలబడ్డాను. నల్లగుడ్డ కింది నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి బాగుందన్నట్టు ఊగింది. ఆ వరుసలో నా కొలువు అంతే.

ఫొటో అయ్యాక ఉర్దూ సంపాదకుడు కాగితం తీసుకుని, తనకు అలవాటైన కుడి వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరి పేరూ రాసుకుంటూ వచ్చాడు. నా దగ్గరికొచ్చి నీ పేరు కూడా చెప్పు భాయ్ అన్నాడు, చెప్పాను. తర్వాత ప్రెస్సుకు పంపే వేళ అతను ఆ కాగితం చదువుతుంటే మా ఫస్టు కుర్రవాడు అదే వరుసలో తెలుగులో రాసుకుని, తనకు అలవాటైనట్టు పైన ‘ఎడమ నుంచి కుడికి’ అని చేర్చాడు. ఇద్దరిదీ తప్పనడానికి లేదు. ప్రూఫుల్లో ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా మాత్రమే ఉండేది కాబట్టి దిద్దిన మాస్టారికీ ఏమీ తెలియలేదు. ఫొటో కింద ఉర్దూ వరుస సరిగ్గా వచ్చింది, దాని కింద తెలుగు వరుస అద్దంలో చూసినట్టు వచ్చింది. సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడి పేరొక్కటే రెండింట్లోనూ కుదిరింది, వాడు ఆ తర్వాత చాలా రోజులు తానే సంఘానికి ఇరుసునని చెప్పుకుని తిరిగాడు.

సంచికను నేను ఇంట్లో చూపించలేదు, సంచీలో ఉంటే నాన్నే చూశారు. అప్పటికి నా మార్కులు చూసి చూసి ఆయన తిట్టడం కూడా మానేశారు. ప్రోగ్రెస్ కార్డు ఇస్తే కళ్లజోడు పెట్టుకుని, సంతకం చేసి, ఏమీ అనకుండా తిరిగిచ్చేవారు. ఆ సంతకం చేసేటప్పుడు ఆయన ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలేది కాదు. అలాంటి మనిషి ఆ రోజు పుస్తకం నడిమధ్య పేజీ తెరిచి పట్టుకుని వంటింట్లోకి పరుగున వెళ్లి, ఇదిగో చూశావా, మనవాడు పత్రికా సంఘంలో ఉన్నాడు, ఒక్క ముక్క చెప్పలేదు చూడు అన్నారు అమ్మతో. నేను ఊరికే నిలబడ్డానంతే నాన్నా అని చెప్పాను. ఆయన దాన్ని వినయం అనుకున్నారు. నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరారు. నాకు గుర్తున్నంతలో పెద్దయ్యాక ఆయన నా తల నిమరడం అదే మొదలు.

ఆ సాయంత్రమే ఇంటివారికి, ఎదురింటివారికి, వీధి చివర కిరాణా సేటుకు కూడా ఆ ఫొటో చూపించి వచ్చారు. అలా చూపిస్తూ చూపిస్తూ ఉండగానే కింద పేరు వేరే ఉందని ఆయన కంట పడింది. ఇక ఊరుకుంటారా? ఆఫీసులో తన పేరులో ఒక అక్షరం తేడా వచ్చినందుకు ప్రమోషను ఫైలు ఎన్నాళ్లో ఆగిపోయిన మనిషి ఆయన. పేరంటే ఆయనకు ఆటలు కాదు. మర్నాడు పర్మిషన్ పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచికకు పాత కాగితంతో అట్ట వేసి చంకలో పెట్టుకుని బడికి వచ్చేశారు. నేను కాళ్లావేళ్లా పడ్డాను. సిగ్గుపడకురా, న్యాయం అడగడానికి సిగ్గెందుకు అన్నారు.

అది ఇంటర్వెల్లు వేళ. స్టాఫ్ రూము ముందు వరండాలో తెలుగు మాస్టారు బల్ల వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆయనా పాతబస్తీ మనిషే, తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం, మాట మెత్తన. నాన్న కళ్లజోడు డబ్బా బల్ల మీద పెట్టి, సంచిక తెరిచి, మా కోస్తా యాసలో గొంతు పెంచి మొదలుపెట్టారు. ఒక పిల్లవాడు కష్టపడి పత్రికకు పని చేస్తే వాడి పేరు ఇంకొకడి కింద వేయడం ఏం మర్యాదండీ, రేపు వాడు ఎవరికైనా చూపించుకోవాలా వద్దా అన్నారు. మెట్లకు ఇటు వాళ్లు, అటు వాళ్లు అందరూ చేరారు. మా స్టేషను బెంచీ బృందం కూడా ముందు వరుసలోకి వచ్చి నిలబడింది, వాళ్లకు ఇంతకన్నా వినోదం ఏముంటుంది.

మాస్టారు ఫొటో చూశారు, నన్ను చూశారు. “పేర్లు ఉల్టా పడ్డయి సార్, అది మా తప్పే, దిద్దుతం. గని మీ పోరడు పత్రికల లేడు. వరుస సమానం లేదని ఫొటో ఆయన అంటే గా చివరికి నిలబెట్టినం,” అన్నారు.

ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న సంచిక మెల్లగా మూశారు. మళ్లీ ఎందుకో తెరిచి చూసి మళ్లీ మూశారు. నేను స్తంభం వెనక్కి జరిగాను గానీ అది నన్ను పూర్తిగా దాచేంత లావు స్తంభం కాదు. భూమి చీలితే బాగుండునని కథల్లో చదివేవాణ్ణి, అది ఉత్త మాట కాదని ఆ రోజు తెలిసింది. అప్పుడు నాన్న, నిమిషం కిందటి గొంతు ఎక్కడికి పోయిందో గానీ, చేతులు జోడించి, “మన్నించండి మాస్టారూ. మావాడు మీ ఫొటోలో అడ్డం నిలబడ్డాడు. సవరణ వేసేటప్పుడు వాడి పేరు తీసేయించండి,” అన్నారు.

పక్కనే ఉన్న ఉర్దూ సంపాదకుడు ఊరుకోలేక, “నామ్ తో రహ్నే దో సాబ్, ఖాలీ కైసా దిఖ్తా,” అన్నాడు. పేరు ఉండనివ్వండి, ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది అని వాడి గోల. మాస్టారు నాన్న వైపు చూశారు. నాన్న తల అడ్డంగా ఊపారు. పోతూ పోతూ, ఆ చిట్టీలు అతికించే పనికి మాత్రం వీణ్ణి పెట్టుకోండి, ఖాళీగానే ఉంటాడు అని చెప్పి, కళ్లజోడు డబ్బా బల్ల మీదే మరిచిపోయి వెళ్లిపోయారు. ఉర్దూ సంపాదకుడు దాన్ని పట్టుకుని వెనకాలే పరుగెత్తాడు.

నా పేరు కోసం పోట్లాడటానికి వచ్చిన మనిషి నా పేరు తీసేయమని చెప్పి వెళ్లాడు. ఇన్నేళ్లలో నేను ఎన్నో మాటలు పడ్డాను, పై అధికారుల చేత పడ్డాను, అప్పులవాళ్ల చేత పడ్డాను, ఏదీ ఆ ఒక్క మాట ముందు నిలబడదు.

సవరణ చిట్టీలు తెలుగులోనే అచ్చయి వచ్చాయి. ఫొటోలో ఎడమ చివరి మనిషి పేరు అందులో లేదు. పంచిన సంచికలు కూడా వెనక్కి తెప్పించారు. బడి వదిలాక, పురుగు పట్టకుండా మైదాపిండిలో మైలుతుత్తం వేసి ఉడికించిన జిగురు గిన్నె మధ్యలో పెట్టుకుని, ఉర్దూ సంపాదకుడు, నేను వాటన్నిటికీ చిట్టీలు అతికించాం. వాడు ఉర్దూ అట్ట వైపు నుంచి తెరుచుకుంటూ వచ్చేవాడు, నేను తెలుగు అట్ట వైపు నుంచి తెరుచుకుంటూ వెళ్లేవాణ్ణి, ఇద్దరం ఫొటో దగ్గర కలిసేవాళ్లం. వాడు ఏమేమో కబుర్లు చెప్పేవాడు. నేను తలెత్తేవాణ్ణి కాదు. స్టేషను బెంచీకి కూడా ఆ తర్వాత పోలేదు, ఏ ముఖం పెట్టుకుని పోతాను. చేసేదేమీ లేక చదువుకున్నాను, పాసయ్యాను. ఇంటికి ఒక చిట్టీ పట్టుకెళ్లి, మన కాపీకి కూడా అతికించనా నాన్నా అని అడిగితే, వద్దు, అది అలాగే ఉండనీ అన్నారు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. తాను పడిన అవమానాన్ని జ్ఞాపకం పెట్టుకోవడానికే దాచారని నేను అనుకున్నాను. ఆయన మళ్లీ మా బడికి రాలేదు, నా విషయం ఎవరికీ గొప్పగా చెప్పుకోనూ లేదు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా మంచిది అని మాత్రం అన్నారు. గ్రూపు ఫొటో అంటే ఈనాటికీ నేను ఏదో పని కల్పించుకుని తప్పుకుంటాను. నా రిటైర్మెంటు రోజున నడుమ కుర్చీలో కూర్చోబెడితే, ఎవరి చోట్లోనో కూర్చున్నట్టు ఒళ్లంతా ముడుచుకుపోయింది. నాన్న పోయే వరకూ మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

ఇదంతా మనసులో తిరుగుతుండగా ఫంక్షన్ హాలులో ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. మా ఫస్టు కుర్రవాడు, ఇప్పుడు నిండా నెరిసిన పెద్దమనిషి, తన బొమ్మ కింద నా పేరు చూసుకుని పడీ పడీ నవ్వుతున్నాడు. ఇంతలో తెల్లగడ్డంతో పొడుగాటి మనిషి ఒకాయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. వేళ్లు చూసి గుర్తుపట్టాను, ఇప్పటికీ సిరా మరకే. ఇంటర్ తర్వాత మళ్లీ చూడలేదు వాణ్ణి, ఇప్పటికీ దబీర్‌పురాలోనే ఉంటున్నాడట. “మల్లా ఉల్టా పడ్డయి కదా భాయ్! లే, చిట్టీలు అతికిద్దాం,” అన్నాడు. పక్కనున్న జిరాక్సు షాపులో తెల్లకాగితాలు, టేపు, లావు పెన్ను తెచ్చి, గేటు దగ్గర నిలబడి, కుడి నుంచి ఒక్కొక్క పేరూ తెలుగులో రాసుకుంటూ వచ్చాడు. వాడు తెలుగు రాయడం ఎప్పుడు నేర్చుకున్నాడో అడగలేదు. చివరి కాగితం దగ్గరికి వచ్చేసరికి, అది ఖాళీగా వదిలెయ్ అన్నాను, మా నాన్న వద్దన్నారుగా అన్నాను.

వాడు పెన్ను ఆపి నన్ను వింతగా చూశాడు. “మీ బాపు వద్దన్నడా? గా దినం కళ్లజోడు డబ్బా ఇయ్యనీకి గేట్ కాడికి ఉరికిన కదా. ఉర్దూల మా పోరని పేరు ఏడుందో చూపెట్టు బాబూ అన్నడు. ఏలు పెట్టి చూపెట్టిన. మస్తుసేపు చూసిండు భాయ్. ఏడ షురూ ఐతది, ఏడ ఖతం ఐతది అని అడిగి మరీ చూసిండు. దీన్ని మాత్రం ఎవ్వరు అన్నా తీసెయ్యకు అన్నడు. వానికి చెప్పకు, జర సిగ్గుపడనీ, బాగుపడతడు అన్నడు. నేను వాదా చేసిన, మాటిచ్చిన.”

ఆ చిట్టీలు అతికించినన్ని సాయంత్రాలూ నా కళ్ల ముందే ఉంది ఆ ఉర్దూ వరుస, ప్రతి కాపీలోనూ ఉంది. నా చేత్తోనే దాని కింద జిగురు రాశాను, ఒక్కసారీ దాని వైపు చూడలేదు. నాకు చదవడం రాదు కాబట్టి అందులో నేను ఉండనని అనుకున్నాను. వాడు చివరి కాగితం మీద నా పేరు రాసి, టేపు తెంపి నా చేతికిచ్చాడు. గుంపులో ఎవరో చూస్తున్నారేమోనని ఇటూ అటూ చూసి, కాళ్ల మునివేళ్ల మీద నిలబడి అతికించాను. అప్పుడూ సిగ్గే వేసింది గానీ ఈసారి వేరే సిగ్గు. ఇన్నేళ్లూ నాన్న నన్ను చూసి తల దించుకున్నారని నమ్మాను. నమ్మి ఆయనకు ఎడంగా మసలుకున్నాను.

మర్నాటికి ఆ ఫ్లెక్సీ విప్పేసి ఉంటారు, అక్కడ ఇంకెవరిదో పెళ్లి బోర్డు ఉండి ఉంటుంది. మా బడి ఇప్పుడు ఇంగ్లీషు మీడియం, రెండు ముఖాల సంచిక ఆగిపోయి చాలా కాలమైంది. ఫొటోలో పేరు తప్పు పడితే ఈ కాలం పిల్లలు బొటనవేలితో దిద్దేసి ఒక నవ్వు బొమ్మ పెడతారు. దానికోసం ఏ తండ్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని రానక్కర్లేదు, మంచిదే. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నాన్న కాపీ తెరిచి, ఆ ఉర్దూ వరుస మీద వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. ఎడమ చివర, సరిగ్గా నా కాళ్ల కింద ఉన్నది నా పేరే అయి ఉండాలి, కానీ ముందు పేరు ఎక్కడ అయిపోతుందో, నాది ఎక్కడ మొదలవుతుందో ఎంత చూసినా పోల్చుకోలేకపోయాను. మా అమ్మాయి, దాని మీద ఫోను పెడితే అదే చదివి చెబుతుంది నాన్నా అంది. వద్దన్నాను. రేపు దబీర్‌పురా వెళ్లి, నాన్నకు చూపించినట్టే నాకూ వేలు పెట్టి చూపించమని వాణ్ణి అడుగుతాను.